వైరస్ కాదంటూనే హెచ్చరిక: ఆటల వెంట వచ్చే ప్రకటనల సాఫ్ట్‌వేర్

తిరుపతిలో అలిపిరి వైపు వెళ్ళే దారిలో నాకు తెలిసిన ఇంటర్నెట్ సెంటర్ ఒకటి ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ యంత్రం. పొద్దున పూట దర్శనం టికెట్ల కోసం, గదుల కోసం యాత్రికులు వస్తారు. మధ్యాహ్నం హాల్ టికెట్లు, దరఖాస్తుల పని నడుస్తుంది. వేసవి సెలవుల్లో సాయంత్రాలు మాత్రం చుట్టుపక్కల వీధుల పిల్లలవే. గంటకు ఇంత అని ఇచ్చి ఆటలాడుకుంటారు.

పోయిన వేసవిలో అక్కడి మూడో కంప్యూటర్‌లో పన్నెండేళ్ళ పిల్లవాడు బైకు పందెం ఆట ఒకటి డౌన్‌లోడ్ చేశాడు. ఆట బాగానే నడిచింది. మర్నాడు ఉదయం నెల్లూరు నుంచి వచ్చిన దంపతులు అదే కంప్యూటర్ ముందు కూర్చుని 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం గురించి వెతికారు. రోజూ కనబడే సెర్చ్ పేజీకి బదులు ఎవరూ పేరు వినని పేజీ తెరుచుకుంది. మొదటి నాలుగు ఫలితాలూ ప్రకటనలే. దర్శనం, గది, కారు అన్నీ కలిపి ప్యాకేజీ ఇస్తామనే దళారుల సైట్లు అవి. టీటీడీ అధికారిక వెబ్‌సైటు వాటి కింద ఎక్కడో ఉంది. ఫోను నంబరు, ఆధార్ నంబరు టైపు చేయబోతుండగా సెంటర్ యజమాని చూసి ఆపాడు.

తర్వాత ఆయన యాంటీవైరస్‌తో తనిఖీ చేస్తే తెర మీద ఒక వింత పేరు కనిపించింది: 'నాట్-ఎ-వైరస్: యాడ్‌వేర్'. "వైరస్ కాదని అదే చెబుతోంది, తీసేయమంటారా అని అదే అడుగుతోంది. ఇంతకీ ఇది ఏమిటన్నా?" అన్నాడాయన.

ఆ పేరు పొరపాటున వచ్చింది కాదు. యాంటీవైరస్ తయారుచేసే కాస్పర్‌స్కీ సంస్థ కొన్ని రకాల ప్రోగ్రాముల పేర్ల ముందు ఆ మాటను కావాలనే చేరుస్తుంది. దాని వెనక పాతికేళ్ళ వ్యాపారం, కోర్టు తగాదాలు, 'ఒప్పుకున్నారు' అనే ఒక్క మాట చుట్టూ నడిచిన వాదం ఉన్నాయి.

ముందుగా నాలుగు మాటల అర్థం

ప్రకటనలు చూపించి డబ్బు సంపాదించే ప్రోగ్రాము యాడ్‌వేర్. ఇంతవరకే అయితే ఇందులో తప్పేమీ లేదు. దినపత్రిక తక్కువ ధరకు వస్తోందంటే అందులోని ప్రకటనల వల్లే. ఉచిత ఆట కూడా తన తెర మీద తానే ప్రకటన చూపితే అది అలాంటి బేరమే. ఆట మూస్తే ప్రకటన కూడా పోతుంది.

ఒక ప్రోగ్రామును ఎక్కించుకుంటుంటే దానితో సంబంధం లేని మరికొన్ని ప్రోగ్రాములు వెంట వచ్చి చేరడాన్ని బండ్లింగ్ అంటారు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, ఆట తయారుచేసినవారి డిజిటల్ సంతకం (ఫైలు ఎవరిదో రుజువు చేసే గుర్తు) లేని వేరే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కిస్తానని ముందుకొచ్చే ఇన్‌స్టాలర్ ఈ కోవలోకి వస్తుంది. అంటే చూడవలసింది ఎన్ని ప్రోగ్రాములు వచ్చాయని కాదు, అవి ఎవరివి అన్నది.

మూడోది బ్రౌజర్ హైజాకర్. మొదటి పేజీని, సెర్చ్ ఇంజిన్‌ను మార్చేసి, మనం తిరిగి మార్చుకున్నా వినకుండా మళ్ళీ తనదే పెట్టే ప్రోగ్రాము ఇది. మూడో కంప్యూటర్‌లో చేరింది ఇదే.

ఇక నాలుగోది, అన్నిటికన్నా జాగ్రత్తగా పుట్టిన పేరు: 'అవాంఛితం కావచ్చనిపించే ప్రోగ్రాము'. యాంటీవైరస్ సంస్థలు దీన్ని పియుపి అనీ, మైక్రోసాఫ్ట్ పియుఎ అనీ పొడి అక్షరాల్లో రాస్తాయి. ఇందులో బరువంతా 'కావచ్చు' అన్న మాట మీదే ఉంది. ఇది చెడ్డదని అంటే పరువునష్టం దావా వేస్తారు, మంచిదని అంటే వినియోగదారు నష్టపోతాడు. ఆ రెంటి మధ్య ఇరుక్కుని పుట్టిన మాట అది.

ఆట ఎక్కుతున్నప్పుడు తెర మీద జరిగేది

ఇన్‌స్టాలర్ అంటే సామాను మోసుకొచ్చి ఇంట్లో సర్ది వెళ్ళే మనిషి లాంటిది. దానికి తలుపు తీయాలి. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా నుంచి కంప్యూటర్ ఈ విషయం మనల్ని అడుగుతోంది: ఈ ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా అని. 'ఎస్' అంటే తలుపు తెరుచుకుంటుంది. అయితే ఆ అనుమతి పక్క పక్క గదులకు వేరువేరుగా ఉండదు. ఇన్‌స్టాలర్ ఏయే ప్రోగ్రాములను తన చేత్తో ప్రారంభిస్తుందో వాటన్నిటికీ అదే అధికారం సంక్రమిస్తుంది. ఆట కోసం ఒకసారి తీసిన తలుపులోంచే మిగతావీ వస్తాయి.

ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ తెర తర్వాత ఏది వచ్చిందో గుర్తుచేసుకోమని అడిగాం. మొదటి తెర స్వాగతం. రెండోది ఆట లైసెన్సు, కింద 'అంగీకరిస్తున్నాను' అనే బటన్. మూడోది ఆటను ఏ ఫోల్డరులో పెట్టాలని అడిగేది. ఈ మూడూ ఆటవే. నాలుగో తెర అచ్చం రెండోదానిలాగే ఉంది. అదే రంగు, అదే చోట అదే బటన్. కానీ పైనున్న చిన్న అక్షరాలు ఆట గురించి కావు. బ్రౌజర్ పైభాగాన పట్టీలా చేరే ఒక సెర్చ్ టూల్‌బార్ షరతులు అవి. ఐదో తెరలో రెండు దారులు ఉన్నాయి. 'సిఫార్సు చేసినది' అని పెద్ద అక్షరాల్లో ఒకటి, 'కస్టమ్' అని సన్నగా ఇంకొకటి. అసలు విషయం దాగి ఉండేది ఆ రెండోదాని లోపల. మూడు గడులు, మూడింటిలోనూ ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఆరో తెరలో కంప్యూటర్‌ను శుభ్రం చేసి వేగం పెంచుతామనే ప్రోగ్రాము. అక్కడ 'వద్దు' అనే మాట వెలిసిపోయిన బూడిద రంగులో, నొక్కినా పనిచేయదేమో అన్నట్టు ఉంది.

"వద్దంటే ఆట కూడా రాదనుకున్నాను" అన్నాడు పిల్లవాడు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తెరను గీసినవాడు ఏ అపోహ కలగాలని కోరుకున్నాడో సరిగ్గా అదే వాడికి కలిగింది. ఆ తెర పని సరిగానే చేసిందన్నమాట.

ఇంకో మెలిక ఉంది. వీటిలో చాలా ఇన్‌స్టాలర్లు తెచ్చే అదనపు ప్రోగ్రాములు డౌన్‌లోడ్ చేసిన ఫైలులో ఉండవు. ఫైలును నడిపిన క్షణంలో అది ఎక్కడో ఉన్న సర్వరును అడుగుతుంది: ఈ కంప్యూటర్ ఏ దేశంలో ఉంది, ఇందులో ఏ యాంటీవైరస్ ఉంది, ఇప్పుడు ఏమి ఇవ్వాలి? జవాబును బట్టి తెరలు మారతాయి. అందుకే ఒకే ఆటను ఒకే చోటు నుంచి దింపుకున్న ఇద్దరిలో ఒకరు 'నాకేమీ రాలేదే' అంటారు, మరొకరి బ్రౌజర్ గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ ఆట మంచిదా కాదా అని స్నేహితులు వాదించుకుంటే ఎటూ తేలకపోవడానికి పెద్ద కారణం ఇదే.

తలకింత అని కమీషన్

తిరుపతి రైల్వే స్టేషను బయట దిగినవారికి ఈ వ్యాపారం అర్థం చేయించడం సులువు. యాత్రికుడిని ఫలానా లాడ్జికి తీసుకువెళితే తీసుకువెళ్ళినవాడికి ఇంత అని ముట్టే పద్ధతి యాత్రాస్థలాల్లో కొత్త కాదు. యాత్రికుడికి ఆ లాడ్జి నచ్చిందా, అసలు అతనికి గది కావాలా అన్నది కమీషన్ లెక్కలోకి రాదు. మనిషి గడప దాటాడా లేదా, అంతే. సాఫ్ట్‌వేర్‌లో దీనికి 'ఇన్‌స్టాలేషన్‌కు ఇంత' అనే పద్ధతి ఉంది. ప్రకటనల ప్రోగ్రాము యజమాని డబ్బు పెడతాడు. మధ్యలో బండ్లింగ్ నెట్‌వర్క్ ఉంటుంది. ఆటలు పంచే సైటు వాటా తీసుకుంటుంది.

2016లో గూగుల్, న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ వ్యాపారాన్ని ఏడాది పాటు గమనించి వివరాలు ప్రచురించారు. ఒక్కో ఇన్‌స్టాలేషన్ ధర 10 సెంట్ల నుంచి ఒకటిన్నర డాలరు దాకా పలికింది. ఇలాంటి డౌన్‌లోడ్ ప్రయత్నాలు వారానికి 6 కోట్లకు పైగా కనిపించాయి. అసలు వైరస్‌ల వంటి హానికర ప్రోగ్రాముల డౌన్‌లోడ్‌లతో పోలిస్తే ఇది దాదాపు మూడు రెట్లు. ఎక్కువ కాలం నడిచినవి ఏమిటని చూస్తే ప్రకటనలు దూర్చేవి, బ్రౌజర్ అమరికలు మార్చేవి, కంప్యూటర్‌ను శుభ్రం చేస్తామనేవి.

లెక్క ఎలా నడుస్తుందో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక ఆటను 10,000 మంది దింపుకున్నారనుకోండి. ఒక్కో ఇన్‌స్టాలర్‌లో మూడు అదనపు ప్రోగ్రాములు. పదిమందిలో నలుగురు టిక్కులు తీయకుండా ముందుకు వెళ్ళిపోయారు. అంటే 4,000 కంప్యూటర్లలో మూడేసి చొప్పున 12,000 ఇన్‌స్టాలేషన్లు. ఒక్కోదానికి 8 రూపాయలు అనుకుంటే 96,000 రూపాయలు. ఇందులో నెట్‌వర్క్ 3 రూపాయలు ఉంచుకుని 5 రూపాయలు సైటుకు ఇస్తే సైటుకు 60,000. ఆట రాసిన మనిషికి ఇందులో పైసా రాకపోవచ్చు.

ఇప్పుడు అవతలి చివర నుంచి చూడండి. 8 రూపాయలు పెట్టి ఒక కంప్యూటర్‌లోకి ప్రవేశించిన హైజాకర్ యజమాని ఆ 8 రూపాయలు రాబట్టుకోవాలి. తన సెర్చ్ పేజీలో ఒక ప్రకటన మీద నొక్కితే 2 రూపాయలు వస్తుందనుకుంటే నాలుగు నొక్కులతో అసలు తిరిగి వచ్చేస్తుంది. ఐదో నొక్కు నుంచి లాభం. అందుకే ప్రకటనలు పైన, అసలు ఫలితాలు కింద. అందుకే తీసేసినా మళ్ళీ వచ్చి కూర్చునే మొండితనం. నెల్లూరు దంపతులు నొక్కబోయినది ఆ లెక్కలో ఒక నొక్కు.

ఆట ఒకరిది, పొట్లం మరొకరిది

చాలామంది కోపం ఆట తయారుచేసినవారి మీదకు పోతుంది. చాలాసార్లు అది తప్పు చిరునామా. ఉచితంగా పంచుకునే ఆటను ఎవరైనా తమ సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి తమ సైటులో పెట్టవచ్చు. వెతికితే తయారీదారు పేజీ కన్నా ఆ సైటే ముందు కనబడవచ్చు. ఆ పేజీలో ఆకుపచ్చని 'డౌన్‌లోడ్' బటన్లు నాలుగైదు ఉంటే వాటిలో ఒకటే నిజమైనది, మిగతావి ప్రకటనలు.

ఈ చుట్టడం ఎంత పెద్ద చోట్ల జరిగిందో చెప్పడానికి సోర్స్‌ఫోర్జ్ ఉదంతం చాలు. ఎవరైనా చూసి మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ఒకప్పుడు ప్రపంచమంతా నమ్మిన చోటు అది. 2013లో ఆ సైటు ఒక పథకం తెచ్చింది. ప్రాజెక్టు నడిపేవారు ఒప్పుకుంటే ఇన్‌స్టాలర్‌లో ఇతర ప్రోగ్రాముల ప్రతిపాదనలు చేర్చి, వచ్చిన డబ్బులో వాటా ఇస్తామంది. ఫైళ్ళు పంపుకునే ప్రోగ్రాము ఫైల్‌జిల్లా వంటి ప్రాజెక్టులు చేరాయి కూడా. ఇక్కడ రెండు పక్షాల మాటా వినాలి. జీతం లేకుండా ఏళ్ళ తరబడి ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవారికి సర్వరు ఖర్చులు ఉంటాయి, కుటుంబాలు ఉంటాయి. ఇది ఒక ఆదాయమార్గమని వారు అనుకోవడంలో అన్యాయం లేదు. కానీ 2015లో బొమ్మలు దిద్దే ప్రోగ్రాము జింప్ విండోస్ ఇన్‌స్టాలర్‌ను ఆ ప్రాజెక్టువారి ఒప్పుదల లేకుండానే ఇలా చుట్టి పెట్టారని బయటపడింది. నమ్మకం ఒక్కసారిగా కూలిపోయింది. 2016లో సైటు చేతులు మారాక కొత్త యజమానులు మొదట చేసిన పనుల్లో ఒకటి ఆ పథకాన్ని ఎత్తేయడం.

దొంగ కాపీ ఆటల సంగతి పూర్తిగా వేరు. అక్కడ ప్రకటనల ప్రోగ్రామే తక్కువ నష్టం. 2021లో అవాస్ట్ అనే యాంటీవైరస్ సంస్థ క్రాకొనాష్ అనే ప్రోగ్రామును బయటపెట్టింది. పేరున్న ఆటల దొంగ కాపీల్లో దాగి, యాంటీవైరస్‌ను ఆపేసి, కంప్యూటర్ శక్తితో గుట్టుగా మొనెరో అనే డిజిటల్ నాణేలను తవ్వుకునేది అది. 2,22,000కు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. తవ్వుకున్నది 20 లక్షల డాలర్లకు పైమాటే. అక్కడ టిక్కు గడులూ లేవు, బూడిద రంగు 'వద్దు' కూడా లేదు. దాన్ని ఏమనాలన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. మన తగవు అంతకన్నా ఇవతల ఉన్నదానితో.

వైరస్ అనవచ్చా? రెండు వాదాలు

ఈ వ్యాపారం చేసేవారి వాదన సూటిగా ఉంటుంది: మేము దొంగచాటుగా రాలేదు. తెర చూపించాం, షరతులు రాశాం, 'అంగీకరిస్తున్నాను' అని మీరే నొక్కారు. వద్దనుకుంటే తీసేసే దారి ఉంది. ఉచితంగా ఆట దొరికింది, బదులుగా ప్రకటన చూశారు. ఇందులో వైరస్ ఎక్కడ?

ఈ వాదన మొదట గట్టిగా వినిపించినది గేటర్ అనే సంస్థ. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకుని ఫారాలు నింపిపెట్టే ప్రోగ్రాము దానిది. పాటలు పంచుకునే కజా వంటి వాటితో కలిసి లక్షల కంప్యూటర్లలోకి చేరి, వేరేవారి వెబ్‌సైట్ల మీద తన ప్రకటనలు పరిచేది. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ సహా పలు పత్రికా సంస్థలు 2002లో కోర్టుకు వెళ్ళాయి. మరోవైపు తన ప్రోగ్రామును స్పైవేర్, అంటే గూఢచారి ప్రోగ్రాము, అన్నవారి మీద 2003లో గేటరే దావా వేసింది. ఆ ఏడాదే పేరు క్లారియాగా మార్చుకుంది, 2006లో ఆ వ్యాపారం మానేసింది.

మన విషయానికి మరింత దగ్గరిది జాంగో. చిన్న చిన్న ఆటలు, వీడియోలు ఉచితంగా ఇచ్చి బదులుగా ప్రకటనలు చూపడమే దాని బేరం. సరైన సమాచారం ఇవ్వకుండా, ఒప్పుదల లేకుండా ప్రోగ్రాము ఎక్కించారనీ, తీసేయడం కష్టం చేశారనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2006లో 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని ఆ సంస్థ రాజీపడింది. తర్వాత తన ప్రోగ్రామును అడ్డుకుంటున్నదని కాస్పర్‌స్కీ మీద దావా వేసింది. 2009 జూన్‌లో అమెరికా అప్పీళ్ళ కోర్టు కాస్పర్‌స్కీ పక్షాన తీర్పు చెప్పింది. వినియోగదారుకు అభ్యంతరకరమైనది అనుకున్నదాన్ని వడగట్టే సాధనం ఇచ్చినవారికి చట్టం రక్షణ ఇస్తుందని ఆ తీర్పు సారం. అప్పటికే, ఏప్రిల్‌లోనే, జాంగో మూతపడింది.

యాంటీవైరస్ సంస్థల మాటను కూడా కళ్ళు మూసుకుని తీసుకోలేం. 2017లో చెక్‌పాయింట్ సంస్థ ఫైర్‌బాల్ అనే బ్రౌజర్ హైజాకర్ గురించి ప్రకటించింది. ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట బండిల్‌గా వచ్చి ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో చేరిందనీ, అన్నిటికన్నా ఎక్కువగా భారతదేశంలో 2.53 కోట్లనీ లెక్క చెప్పింది. ఆ వార్త మన పత్రికల్లో కూడా పెద్ద అక్షరాల్లో వచ్చింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ ఆ అంకెలు అతిశయోక్తి అంది. తాము 2015 నుంచే దీన్ని గమనిస్తున్నామనీ, అసలు సంఖ్య అంతకన్నా బాగా తక్కువనీ చెప్పింది. భయం అమ్మేవారికి కూడా ఒక బేరం ఉంటుందని గుర్తుపెట్టుకోవలసిన సందర్భం అది.

నా మటుకు నాకు, 'ప్రకటనలే కదా' అనేవారికి జవాబుగా సూపర్‌ఫిష్ ఉదంతం చాలనిపిస్తుంది. 2014, 2015లలో లెనోవో తన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందుగానే ఎక్కించి అమ్మిన ప్రకటనల ప్రోగ్రాము అది. చూస్తున్న పేజీల్లో ప్రకటనలు దూర్చడానికి, తాళం గుర్తు ఉండే భద్రమైన పేజీల్లోకి కూడా చొరబడేందుకు 'ఈ పేజీ అసలైనదే' అని బ్రౌజర్‌ను నమ్మించే తనదైన ధ్రువపత్రాన్ని కంప్యూటర్‌లో పాతింది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకటే తాళంచెవి. ఒక పరిశోధకుడు దాని సంకేతపదాన్ని కొద్ది గంటల్లో కనిపెట్టాడు. అంటే ప్రకటన కోసం కొట్టిన కన్నంలోంచి బ్యాంకు పేజీని కూడా నకలు చేసి చూపగలిగే అవకాశం దారినపోయే ఎవరికైనా దొరికింది. సూపర్‌ఫిష్ వారికి బ్యాంకు ఖాతాలు దోచే ఉద్దేశం ఉండకపోవచ్చు. కన్నానికి మాత్రం ఉద్దేశంతో పనిలేదు.

'అంగీకరిస్తున్నాను' అన్నది ఎవరు?

మన దేశంలో యాడ్‌వేర్ అనే పేరుతో ప్రత్యేక చట్టం లేదు. ఉన్న చట్టాల్లో మూడు నాలుగు దీన్ని తలో వైపు నుంచి తాకుతాయి.

సమాచార సాంకేతిక చట్టం 2000లో 43వ సెక్షన్ ఉంది. కంప్యూటర్ యజమాని అనుమతి లేకుండా అందులో వైరస్ వంటి కలుషితాన్ని ప్రవేశపెడితే పరిహారం కట్టాలి. అదే పని మోసపూరితంగా లేదా దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ 'యజమాని అనుమతి' అన్న మాటను చూడండి. సెంటర్‌లోని కంప్యూటర్ యజమాని జిరాక్సులు తీస్తున్నాడు. బటన్ నొక్కినవాడు గంటకు అద్దె కట్టిన పిల్లవాడు. నష్టపోబోయినది మర్నాడు వచ్చిన యాత్రికులు. ముగ్గురూ వేరు. ఇంట్లో అయినా ఇంతే. ఆట కొడుకు ఎక్కిస్తాడు, కరెంటు బిల్లు తండ్రి కడతాడు.

పైగా ఆ పిల్లవాడి ఒప్పుదలకు విలువ ఎంత? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని, బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీళ్ళ కోర్టైన ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. ఆటలు దింపుకునేవారిలో పిల్లలు ఎంతమంది ఉంటారో తెలిసి కూడా మొత్తం వాదాన్ని 'వారే నొక్కారు' అన్న మాట మీద నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు. అటువైపు వారు దీనికి చెప్పే జవాబు ఒకటుంది: తెరకు అవతల ఉన్నది పిల్లవాడో పెద్దవాడో మాకెలా తెలుస్తుంది? అది నిజమైన ఇబ్బందే.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ భారాన్ని సమాచారం సేకరించేవారి మీదే పెట్టింది. ఒప్పుదల స్వేచ్ఛగా, ఫలానా పనికి మాత్రమే, తెలిసి, షరతు లేకుండా, సందేహానికి తావులేకుండా ఇచ్చినదై ఉండాలంటుంది. 18 ఏళ్ళలోపు వారి విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదలను నిర్ధారించుకోవాలి, పిల్లలను గురిచేసి ప్రకటనలు చూపకూడదు. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అయితే ఈ చట్టం పట్టుకునేది వ్యక్తిగత సమాచారాన్ని. ఏ సమాచారమూ తీసుకోకుండా సెర్చ్ పేజీని మాత్రమే మార్చేదాన్ని ఇది పట్టుకుంటుందా అన్నది వాదనకు నిలిచే విషయం.

తెరల గీతకు నేరుగా తగిలేది ఇంకొకటి: కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన 'డార్క్ ప్యాటర్న్స్' మార్గదర్శకాలు. కొనుగోలుదారును తికమక పెట్టి తప్పు బటన్ నొక్కించే 13 రకాల ఎత్తుగడలను అందులో పేర్కొన్నారు. ఒక బటన్‌ను మెరిపించి మరొకదాన్ని మరుగుపరచడం, బలవంతంగా సంబంధం లేని సేవలో చేర్చడం, ప్రకటనను ప్రకటనలా కనబడకుండా చేయడం ఉన్నాయి. భయపెట్టి నకిలీ శుభ్రపరిచే సాధనం అమ్మడం కూడా ఉంది. ఆ పిల్లవాడు వరుసగా చెప్పిన తెరల్లో నాలుగోది, ఐదోది, ఆరోది ఈ జాబితాలో ఎక్కడో ఒకచోట ఇమిడిపోతాయి. ఇబ్బంది ఏమిటంటే ఆ ఇన్‌స్టాలర్ రాసినవాడు ఏ దేశంలో ఉన్నాడో, నోటీసు ఏ చిరునామాకు పంపాలో చాలాసార్లు దొరకదు.

గీత ఎక్కడ గీయాలి?

ఇంతవరకు ఆట మంచిది, పొట్లం చెడ్డది అన్నట్టు చెప్పుకుంటూ వచ్చాను. ఎప్పుడూ అంత తేలిక కాదు. 2018లో రెడ్‌షెల్ అనే చిన్న ప్రోగ్రాము పేరున్న ఆటల లోపలే ఉందని ఆటగాళ్ళు గమనించారు. ఏ ప్రకటన చూసి ఈ మనిషి ఆట కొన్నాడో లెక్కకట్టడానికి పెట్టినది అది. డబ్బు పోసి కొన్న ఆటల్లో, తయారీదారులే పెట్టినది. వ్యక్తుల పేర్లు తీసుకోవడం లేదని దాన్ని తయారుచేసినవారు అన్నారు. మాకు చెప్పకుండా పెట్టారు కదా అని ఆటగాళ్ళు అన్నారు. నిరసనలు పెరగడంతో పలు ఆటల నుంచి దాన్ని తీసేశారు.

వ్యాపారం కూడా ఒకచోట నిలవలేదు. బ్రౌజర్లు, విండోస్ ఇలాంటి ఇన్‌స్టాలర్లను అడ్డుకోవడం మొదలుపెట్టాక పెద్దవారు ఫోన్ల వైపు కదిలారు. ఇన్‌స్టాల్‌కోర్ అనే బండ్లింగ్ సాధనాన్ని పలు యాంటీవైరస్‌లు అవాంఛిత జాబితాలో పెట్టాయి. దాన్ని నడిపినది ఐరన్‌సోర్స్. తర్వాత ఆ సంస్థ ఫోను ఆటల్లో ప్రకటనల వ్యాపారంలో ఎదిగింది. 2022లో, ఆటలు తయారుచేసే సాధనాల్లో ప్రసిద్ధమైన యూనిటీ సంస్థ సుమారు 440 కోట్ల డాలర్ల విలువకు దాన్ని తనలో కలుపుకుంది. చాలామంది ఆటల తయారీదారులు అప్పుడు బాధపడ్డారు. అయితే ఆ పాత సాధనం అప్పటికే మూతపడింది. చిన్న తయారీదారులకు ఆదాయం కావాలంటే ప్రకటనలే దారి అనే వాదన కూడా ఉంది. అందులో నిజం లేకపోలేదు. మన పిల్లలు ఫోనులో డబ్బు కట్టకుండా ఆడే ఆటలు ప్రకటనల మీదే బతుకుతున్నాయి. ఆ ప్రకటన ఆట తెర మీదే ఉండి ఆటతో పాటు మూతపడితే బేరం కళ్ళెదుట ఉన్నట్టు. ఆట మూశాక కూడా ఫోను తాళం తీసిన ప్రతిసారీ ప్రకటన వచ్చి పడితే అది మళ్ళీ మూడో కంప్యూటర్ కథే.

సెంటర్ యజమాని ఆ సాయంత్రం టూల్‌బార్‌ను తీసేశాడు. మర్నాడు పొద్దున కంప్యూటర్ వేసేసరికి ఆ సెర్చ్ పేజీ మళ్ళీ ప్రత్యక్షమైంది. నిర్ణీత సమయానికి తనంతట తాను నడిచే పని ఒకటి లోపల మిగిలిపోయింది. దాన్ని వెతికి తీసేయడానికి ఇంకో పూట పట్టింది. ఆ పూట రెండు కుటుంబాలకు టికెట్ల పని వేరే సెంటర్‌లో చేయించుకోమని చెప్పి పంపవలసి వచ్చింది.

బైకు ఆటలో ఏ దోషమూ కనబడలేదు. పిల్లవాడు మొహం చిన్నబుచ్చుకుని నిలబడి ఉంటే, దాన్ని తయారుచేసినవారి సొంత పేజీ వెతికి అక్కడి నుంచి మళ్ళీ దింపారు. స్వాగతం, లైసెన్సు, ఫోల్డరు. మూడో తెర తర్వాత ఆట మొదలైంది.